ముసురు పోయిన మూడో రోజు: ఒక ఫైబ్రోమయాల్జియా కేసు

వానాకాలం మొదలైందంటే హన్మకొండలో మా క్లినిక్ బయట బెంచీల మీద ఒకటే మాట. "ముసురుకు నొప్పులు ఎక్కువైనయ్ సారు." మోకాళ్ళు అరిగినవాళ్ళు అంటారు, కీళ్ళవాతం ఉన్నవాళ్ళు అంటారు, అందరికంటే గట్టిగా ఫైబ్రోమయాల్జియా (కీళ్ళలో వాపేమీ లేకుండానే ఒళ్ళంతా నొప్పి, అలసట ఉండే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్ళు అంటారు. చాలా ఏళ్ళు నేను ఆ మాట విని, తలూపి, మందు రాసి పంపేవాణ్ణి. ఈ కేసు తర్వాత అలా పంపలేకపోతున్నాను. అందుకే వివరంగా రాస్తున్నాను. పేషెంట్ అనుమతి తీసుకున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న సంగతులు కొన్ని మార్చాను, జబ్బుకి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నేపథ్యం

నలభై దాటిన మహిళ, ఉత్తర తెలంగాణలో ఒక పల్లె. భర్త గల్ఫ్‌లో ఉంటాడు, రెండేళ్ళకోసారి వస్తాడు. ఇంట్లో అత్త, ఇంటర్ చదివే బిడ్డ. రేకుల ఇల్లు. చిన్నప్పటి నుంచీ బీడీలు చుట్టడమే పని. అంటే నేల మీద కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని, మెడ వంచి రోజుకి ఏడెనిమిది గంటలు. పత్తి ఏరే రోజుల్లో కూలికి కూడా వెళ్తుంది.

నా దగ్గరికి వచ్చేనాటికి నొప్పులు మొదలై ఆరేళ్ళు. ఒక జ్వరం వచ్చి తగ్గాక కీళ్ళ నొప్పులు మిగిలాయి, ఊళ్ళో అందరూ చికున్‌గున్యా అన్నారు. తర్వాత ఆమె తిరిగిన దారి మన దగ్గర పనిచేసే ఏ డాక్టర్‌కైనా తెలిసిందే. ఊళ్ళో నెలకి రెండు మూడు సూదులు. అందులో స్టెరాయిడ్ ఉందని ఉబ్బిన ముఖం చూస్తేనే అర్థమవుతుంది. సూది వేసిన నాలుగు రోజులు బాగుండేదట, తర్వాత మళ్ళీ మామూలే. ఆ మీద ఎక్స్‌రేలు, నడుముకి ఎంఆర్‌ఐ, అందులో వయసుకి తగ్గ మార్పులు. ఒకచోట కీళ్ళవాతానికి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష కొద్దిగా పాజిటివ్ అని ఏడాది పాటు కీళ్ళవాతం మందులు వాడించారు. నొప్పి తగ్గలేదు, అప్పు పెరిగింది. రిపోర్టులన్నీ ఒక బట్టల షాపు సంచిలో పెట్టుకుని వచ్చింది.

వచ్చిన సమస్య

2022 ఆగస్టు, బయట ముసురు. లోపలికి వచ్చి కూర్చోవడానికే గోడ పట్టుకుంది. "మబ్బు పట్టిందంటే సాలు సారు, పెయ్యంతా పచ్చి పుండు లెక్క అయితది. బట్ట తగిలినా నొస్తది" అంది. నిద్ర మూడు నాలుగు గంటలు, అది కూడా ముక్కలు ముక్కలుగా. పొద్దున లేచేసరికి రాత్రంతా కంకర మోసినట్టు ఉంటుందట. ఇంకో మాట కూడా చెప్పింది, దాన్ని ఎవరూ రాసుకోలేదు: "కట్ట కట్టేటప్పుడు లెక్క తప్పుతున్న. పదేళ్ళప్పుడు కూడా తప్పలే." ఈ జబ్బులో వచ్చే మతిమరుపుని ఇంతకంటే బాగా చెప్పిన పేషెంట్ నాకు గుర్తు లేదు.

కీళ్ళలో వాపు లేదు, వేడి లేదు. మెడ కింద, భుజాల మీద, మోచేతుల దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కితేనే కళ్ళల్లో నీళ్ళు. 1990 నాటి పద్ధతిలో 18 చోట్ల నొక్కి చూసి, 11 చోట్ల నొప్పి ఉంటే ఈ జబ్బు అనేవాళ్ళు. 2010లో దాన్ని మార్చారు, 2016లో మళ్ళీ సవరించారు. ఇప్పుడు ఒంట్లో 19 భాగాల్లో ఎన్నింట నొప్పి ఉందో లెక్కపెట్టి, దానికి అలసట, నిద్రతో తీరని బడలిక, మతిమరుపు లాంటివి కలిపి చూస్తాం. ఆమెకి 19లో 14 భాగాల్లో నొప్పి, అలసట, మతిమరుపు లాంటివాటి లెక్కలో 12కి 9. ఇక అనుమానం అక్కర్లేదు.

అయినా కొన్ని తేల్చుకోవాలి. మన ప్రాంతంలో ఒళ్ళంతా నొప్పి, బిగుసుకుపోవడం అంటే ఫ్లోరోసిస్ (తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకి వచ్చే జబ్బు) గుర్తు రావాలి. ఎక్స్‌రేల్లో ఆ ఆనవాళ్ళు లేవు, తాగేది మిషన్ భగీరథ నీళ్ళు. థైరాయిడ్, కాల్షియం, కండరాల ఎంజైమ్, ఒంట్లో వాపుని చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, కీళ్ళవాతాన్ని పట్టే యాంటీ సీసీపీ అన్నీ చూశాం, బాగానే ఉన్నాయి. విటమిన్ డి మాత్రం బాగా తక్కువ, 11. దాన్ని సరిచేశాం. కాళ్ళు గుంజడం కొంచెం తగ్గింది, అసలు నొప్పి అలాగే ఉంది. కీళ్ళవాతం మందులు ఆపేశాం. సూదులు మానమని గట్టిగా చెప్పాను, ఎందుకంటే స్టెరాయిడ్ ఈ జబ్బుకి పనిచేయదు, అది చేసే నష్టం మాత్రం మిగులుతుంది.

ఆమెకి జబ్బు గురించి చెప్పినప్పుడు మైకు ఉదాహరణ వాడాను. ఊళ్ళో పెళ్ళికి మైకు పెడతారు కదా, సౌండ్ మొత్తం పెంచేస్తే చిన్న గుసగుస కూడా ఊరంతా వినిపిస్తుంది. నీ నరాల్లో నొప్పి మైకు అలా పెరిగిపోయింది, లోపల పుండేం లేదు, కానీ నొప్పి నిజం. చల్లదనం, వేడి కూడా అంతే. మామూలు మనిషికి చల్లగా మాత్రమే అనిపించే చోటే వీళ్ళకి నొప్పి మొదలైపోతుంది. ఇది ప్రయోగశాలల్లో కొలిచి చూసిన విషయమే. ఇక్కడిదాకా బాగానే చెప్పాను. దాని తర్వాత వరసగా తప్పులు చేశాను.

నేను చేసి ఫలించనివి

మొదటిది ప్రీగాబలిన్. అమెరికాలో ఫైబ్రోమయాల్జియాకే అని మొదట అనుమతి వచ్చిన మందు అది, 2007లో. నొప్పికీ నిద్రకీ రెండిటికీ పనికొస్తుందని రాత్రికి 75 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాను. సెప్టెంబర్‌లో నాలుగు రోజులు ఎడతెగకుండా వాన పడింది, నొప్పి పెరిగిందని ఫోన్ చేస్తే రెండు పూటలా వేసుకోమన్నాను. నా ఆలోచన చాలా సింపుల్: వానాకాలం నొప్పిని పెంచుతోంది, కాబట్టి వానాకాలం మందు కూడా పెంచాలి. అసలు పెంచుతున్నది ఏంటో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఆరు వారాల్లో పాదాలు వాచాయి, బరువు నాలుగు కిలోలు పెరిగింది, పగలంతా మత్తు. ఒకరోజు బీడీలు ఆరబెట్టడానికి పొయ్యి దగ్గర కూర్చుని ముందుకి తూలిందని బిడ్డ చెప్పింది. మెల్లగా తగ్గిస్తూ ఆపేశాను.

రెండోది నడక. ఫైబ్రోమయాల్జియాకి యూరప్ నిపుణులు 2017లో ప్రచురించిన సూచనల్లో గట్టిగా సిఫారసు చేసింది ఒక్క వ్యాయామాన్నే, మందులన్నీ దాని తర్వాతే. అది చదివిన ఉత్సాహంలో "రోజూ అరగంట నడవాలి" అని చీటీ మీద రాసేశాను. మొదటిరోజే చెరువు కట్ట దాకా వెళ్ళి వచ్చింది. మూడు రోజులు మంచం దిగలేదు. తర్వాత నడక పేరెత్తితే భయపడేది, నేనేమో ఈమెకి ఓపిక తక్కువ అనుకున్నాను. ఆరేళ్ళుగా కదలిక తగ్గిపోయిన ఒంటికి అరగంట ఎక్కడిది? ఆ చీటీలో ఆమె పరిస్థితి లేదు, నేను చదివిన కాగితం మాత్రమే ఉంది.

మూడోది చెప్పడానికి ఇప్పటికీ బాధగా ఉంటుంది. నవంబర్‌లో వచ్చి మళ్ళీ ముసురు సంగతే ఎత్తితే, కంప్యూటర్ స్క్రీన్ ఆమె వైపు తిప్పి, నెదర్లాండ్స్‌లో ఈ జబ్బు ఉన్న 333 మంది ఆడవాళ్ళని 28 రోజులు గమనించారమ్మా, వాతావరణానికీ నొప్పికీ అందరికీ వర్తించే సంబంధం ఏదీ కనపడలేదు అని చెప్పాను. 2013లో వచ్చిన స్టడీ అది, నేను చెప్పిందాంట్లో తప్పు లేదు. ఆమె కాసేపు స్క్రీన్ వైపు చూసి, "అయితే నేను అబద్ధమాడుతున్ననా సారు" అని అడిగింది. నేనేదో సర్దిచెప్పాను. నాలుగు నెలలు రాలేదు. ఆ నాలుగు నెలల్లో మళ్ళీ సూదుల దారి పట్టింది, తిరిగి వచ్చేసరికి షుగర్ కూడా కొద్దిగా పెరిగి ఉంది. బిడ్డే పట్టుబట్టి తీసుకొచ్చింది.

వాతావరణం గురించి మళ్ళీ చదవడం

ఆమె ప్రశ్న వదల్లేదు. ఈసారి నా మాట నెగ్గించుకోవడానికి కాకుండా ఆమె చెప్పేదాంట్లో ఎంత నిజం ఉందో చూద్దామని చదివాను. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ వాళ్ళు 2019లో ప్రచురించిన పెద్ద స్టడీ ఉంది, దీర్ఘకాలిక నొప్పులున్న 2,658 మంది ఫోన్‌లో రోజూ నొప్పి నమోదు చేశారు. గాలిలో తేమ ఎక్కువై, వాయుపీడనం తగ్గి, గాలి గట్టిగా వీచే రోజుల్లో నొప్పి ఎక్కువే. కానీ ఎంత? మామూలు రోజున వంద మందిలో ఐదుగురికి నొప్పి పెరిగే అవకాశం ఉంటే, తేమా గాలీ కలిసిన పాడు రోజున ఆరుగురికి. నార్వేలో 48 మంది ఫైబ్రోమయాల్జియా పేషెంట్లని చూసినప్పుడూ పీడనం, తేమలతో కొంత సంబంధం కనపడింది. అంటే ఆమె అబద్ధమాడలేదు. కానీ పెయ్యంతా పుండు కావడానికి ఆ కొంత సరిపోదు.

ఇంకో విషయం. ఇవన్నీ చలిదేశాల లెక్కలు. అక్కడ తుపాను వస్తూ పోతూ ఉంటే పీడనం ముప్పై నలభై మిల్లీబార్లు ఊగుతుంది. మన దగ్గర అలా ఉండదు. వాన ఉన్నా లేకున్నా రోజూ ఉదయం పదింటికి కాస్త పెరిగి, సాయంత్రం నాలుగింటికి మూడు నాలుగు మిల్లీబార్లు తగ్గుతుంది, వరంగల్‌లో రోజూ జరిగే సంగతి ఇది. అల్పపీడనం పట్టినా దానికి ఇంకొంచెం కలుస్తుందంతే. పైగా హైదరాబాద్ మనకంటే దాదాపు 270 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కణ్ణుంచి అక్కడికి బస్సులో వెళ్తే పీడనం సుమారు 30 మిల్లీబార్లు పడిపోతుంది, ఏ ముసురూ మనకి అంత తేడా చూపించదు. భర్తని ఎక్కించడానికి శంషాబాద్ వెళ్ళినప్పుడు ఎలా ఉంటుందని అడిగాను. "కూసొని కూసొని నడుము పట్టేస్తది, గని ముసురు నొప్పి లెక్క కాదు" అంది. నొప్పి పెరగడానికి పీడనం ఒక్కటే కారణమైతే ఆ ప్రయాణం ఆమెని కూలగొట్టాలి. కాబట్టి ముసురు తనతో పాటు ఇంకేదో మోసుకొస్తోంది. అదేంటో ఆమె ఇంట్లోనే వెతకాలి.

క్యాలెండర్

మార్చిలో రాత్రికి 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ మొదలుపెట్టాను. నిద్ర కోసం, అదీ పడుకునే రెండు గంటల ముందు, పొద్దుటి మత్తు లేకుండా. ఈ నొప్పికి ఇచ్చే ఇంకో మందు డులోక్సెటిన్ వారం వాడి చూశాం, వాంతులతో మానేసింది. అమిట్రిప్టిలిన్‌తో నిద్ర గంట పెరిగింది. జూన్‌లో, మృగశిర కార్తె రోజు నుంచి, రోజూ రాయించడం మొదలుపెట్టాం. ఫోన్ యాప్‌లూ ఫారాలూ పక్కన పెట్టి, కిరాణా షాపు వాళ్ళిచ్చిన గోడ క్యాలెండర్‌నే వాడాం. ఒక్కో తేదీ గడిలో ఎర్ర పెన్నుతో నొప్పి పదికి ఎంతో, నీలం పెన్నుతో ఎన్ని గంటలు పడుకుందో, వాన పడితే 'వా', కింద ఆ రోజు చుట్టిన బీడీలు ఎన్ని వందలో. రాసేది బిడ్డ, చెప్పేది తల్లి.

వాతావరణం సంగతి కదా, బీడీల లెక్క ఎందుకు అని మా ఫిజియోథెరపిస్ట్ అడిగింది. నాకప్పుడు గట్టి కారణం లేదు. కూలి డబ్బుల కోసం ఎలాగూ ఆ లెక్క రాసుకుంటారు కాబట్టి అది తప్పకుండా సరిగ్గా ఉంటుందనుకున్నాను, అంతే. చివరికి దారి చూపింది ఆ లెక్కే.

ఆగస్టు చివర ఆ కాగితాలు చింపి తెచ్చింది. తంబాకు వాసన, ఒక మూల పసుపు మరక. టేబుల్ మీద పరిచి నేనూ ఫిజియోథెరపిస్టూ వేలు పెట్టుకుంటూ చదివాం. పదకొండు వారాలు. వాన పడిన రోజుల్లో నొప్పి సగటున ఆరు, పడని రోజుల్లో ఐదు. ఆమె మాట నిజమే, తేడా ఉంది, కానీ ఒక్క అంకె. ఎనిమిది దాటిన రోజులు 13. వాటిలో వాన పడుతున్న రోజులు రెండే! తొమ్మిదేమో ముసురు ఆగి ఎండ కాసిన రెండో రోజో మూడో రోజో ఉన్నాయి.

2023 జులై 27 గడి ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన నమోదైంది ఆ తెల్లవారే, భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగింది ఆ రోజే. ఈమె ఊరు మునగలేదు గానీ ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. గడిలో 'వా' మూడుసార్లు రాసి ఉంది, నిద్ర రెండు గంటలు, బీడీలు సున్నా, నొప్పి ఆరు. అంత వానలో ఆరే. ఎండ వచ్చింది 30న. ఆ గడిలో బిడ్డ చిన్న అక్షరాలతో "బొంతలు ఉతికినం, బురద తీసినం" అని రాసింది. 31న బీడీలు పదకొండు వందలు, ఆ నెల మొత్తంలో అదే ఎక్కువ. ఆగస్టు 1న నొప్పి తొమ్మిది.

మిగతా ముసుర్లలోనూ దాదాపు ఇదే వరస. మబ్బు పట్టగానే "ఇగ నొప్పి మొదలైతది" అని చాట పక్కన పెట్టి పడుకునేది. పడుకుంటే ఒళ్ళు ఇంకా బిగుసుకునేది. రాత్రి రేకుల మీద వాన చప్పుడు, మంచం పక్కనే కారే నీళ్ళ కింద గిన్నె, గిన్నె నిండిందా అని లేచి చూడటం. చుట్టిన బీడీలు ఆరవు, మెత్తబడితే తీసుకోరు, కూలి పోతుందని టెన్షన్. నాలుగు రోజుల పని పేరుకుపోయేది, ఎండ రాగానే ఆ నాలుగు రోజులదీ ఒక్కరోజులో చేసేసేది. తర్వాత కూలబడేది. ఆమెకి గుర్తుండేది మాత్రం ముసురే, ఎందుకంటే కథ అక్కడ మొదలవుతుంది.

పదమూడింటిలో మిగిలిన రెండు రోజుల గురించి కూడా చెప్పాలి. ఆగస్టు మూడో వారంలో నొప్పి తొమ్మిది, "ముసురుకే" అని ఆమె, ఇంట్లోవాళ్ళు కూడా ఊరుకున్నారు. ఒళ్ళు కాలుతోందని బిడ్డ ఫోన్ చేస్తే రప్పించాను, డెంగీ. ప్లేట్‌లెట్లు మరీ పడిపోలేదు, ఇంట్లోనే కోలుకుంది. వానాకాలం మన దగ్గర జ్వరాల కాలం కూడా. ఫైబ్రోమయాల్జియాకి జ్వరం రాదు, కీలు వాయదు, బరువు తగ్గదు. ఇవేవి కనపడినా ముసురు లెక్కలో వేయొద్దని అప్పటి నుంచి ప్రతి పేషెంట్‌కీ ఇంట్లోవాళ్ళ ముందే చెప్తున్నాను.

పనిచేసినవి

ముందు ఆమెకి క్షమాపణ చెప్పాను. "ముసురుకు నీ నొప్పి పెరుగుతోందమ్మా, నువ్వు చెప్పింది నిజమే, ఈ కాగితాల్లో ఉంది. అది ఒక అంకె. మిగతా మూడు అంకెలు ఎక్కడివో చూద్దాం" అన్నాను. బిడ్డ వేలుతో గడులు చూపిస్తూ వెళ్తుంటే ఆమే అంది, "ఎండ వచ్చిన్నాడు నేనే పానం తీసుకుంటున్న." ఆ మాట నేను చెప్పి ఉంటే ఇంకో స్క్రీన్ తిప్పినట్టే ఉండేది.

ప్రణాళికలో మొదటిది బీడీల లెక్క. మామూలు రోజు ఏడు వందలు. ముసురు రోజు సున్నా కాకూడదు, కనీసం మూడు నాలుగు వందలు. ఎండ రోజు ఎంత పని పేరుకున్నా ఎనిమిది వందలు దాటకూడదు. దీనికి ఆమె ఒప్పుకోలేదు, కూలి పోతుందని. న్యాయమైన భయమే. బిడ్డ ఒక నెల కూలి లెక్కలు తీసి కూడింది. పదకొండు వందలు చుట్టిన రోజు తర్వాత వచ్చిన సున్నా రోజులతో కలిపి చూస్తే, రోజూ ఏడు వందల మీదే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. అప్పుడు ఒప్పుకుంది. ఎనిమిది వందల దగ్గర ఆపడం మొదటి నెలంతా చాలా కష్టమైంది, రెండుసార్లు దాటింది, రెండుసార్లూ మూడో రోజు ఎనిమిది పడింది. ఆ రెండు ఎర్ర అంకెలు నా మాటలకంటే ఎక్కువ నేర్పాయి.

రెండోది కదలిక. అరగంట మాట ఎత్తలేదు. ఇంటి ముందు రేకుల కింద అటూ ఇటూ ఐదు నిమిషాలు, రోజుకి మూడుసార్లు, వాన ఉన్నా లేకున్నా. వారానికి ఒక్క నిమిషం పెంచాలి, అంతకంటే వద్దు. ప్లాస్టిక్ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం ఐదుసార్లు. బీడీల దగ్గర ఫోన్‌లో అలారం, ఇరవై ఐదు నిమిషాలకోసారి లేచి ఒక చుట్టు తిరగాలి. నేల మీద బదులు గోడకి ఆనుకుని ఎత్తుపీట మీద కూర్చోవడం. నేల చెమ్మ ఒంటికి తగలకుండా ఉండటం కూడా దాంతోనే కుదిరింది.

మూడోది నిద్ర. మందు మార్చలేదు, పెంచలేదు. ఇంటి పైకప్పు గురించి అడిగాను. చీటీ మీద మందుల కింద "మంచం ఉన్న వైపు రేకుల మీద టార్పాలిన్" అని రాశాను. తమ్ముడు వచ్చి కప్పాడు. మంచం గోడ నుంచి జరిపారు, రాత్రి పడుకునే ముందు వేడినీళ్ళ బ్యాగ్ భుజాల మీద పావుగంట, చెమ్మ పట్టిన దుప్పటి వాడకుండా ఒకటి ఎప్పుడూ పొడిగా దాచిపెట్టుకోవడం. ఆ వారం నుంచి నీలం అంకెలు నాలుగు నుంచి ఐదున్నరకి వచ్చాయి. ఆరేళ్ళలో ఇంత మంది డాక్టర్లలో, నాతో సహా, ఒక్కరం కూడా నీ ఇల్లు కారుతుందా అని అడగలేదు.

వేసవిలో ఇంకో మలుపు

ముసురు సంగతి తేలిందనుకుంటే 2024 మే నెలలో నొప్పి మళ్ళీ పెరిగింది. తేమ లేదు, వాన లేదు, రోహిణి కార్తె ఎండలు, రోళ్ళు పగులుతాయంటారే ఆ ఎండలు. గడులు చూస్తే నిద్ర మూడు గంటలకి పడిపోయింది, రేకుల ఇల్లు రాత్రి పన్నెండు దాకా పొయ్యిలా ఉంటుంది. మోటారు కూలర్ కొన్నారు, దాని ముందే పడుకుని తడిగాలి నేరుగా మెడ మీద పడనిస్తోంది, పొద్దున లేస్తే మెడ తిరగడం లేదు. కూలర్‌ని కిటికీలో పెట్టి, గాలి కాళ్ళ వైపు నుంచి వచ్చేలా మంచం తిప్పమన్నాం. పని తెల్లవారి ఐదు నుంచి తొమ్మిది దాకా, మళ్ళీ సాయంత్రం.

నేను దాదాపు మర్చిపోయిన సంగతి ఇంకోటి ఉంది. ఒకరోజు సంతలో కళ్ళు తిరిగి కూలబడింది. కూర్చున్నప్పుడు బీపీ బాగానే ఉంది, నిలబెట్టి చూస్తే పడిపోతోంది. అమిట్రిప్టిలిన్ చెమట తగ్గిస్తుంది, నిలబడ్డప్పుడు బీపీ కూడా తగ్గించగలదు. 10 మిల్లీగ్రాములే కదా, ఇందులో ఏముందిలే అనుకున్నాను. ఆ ఎండకి మందు లేకుండా కూడా కళ్ళు తిరగొచ్చు, మందు వల్లేనని నేను చెప్పలేను. కానీ 44 డిగ్రీల ఎండలో తిరగక తప్పని మనిషికి చెమట పట్టనివ్వని మందు ఇవ్వడంలో నాకు లాభం తక్కువ, భయం ఎక్కువ కనపడింది. ఐదు వారాలు ఆపాను. నొప్పి సగటు ఒక అంకె పెరిగింది, పెరుగుతుందని ముందే చెప్పాను కాబట్టి ఆమె కంగారు పడలేదు, సూదికి పోలేదు. జూన్ మధ్యలో మళ్ళీ మొదలుపెట్టాం.

ఇప్పుడు ఎలా ఉంది, నేనేం మార్చుకున్నాను

2024 వానాకాలం పదకొండు వారాల్లో ఎనిమిది దాటిన రోజులు నాలుగు. అంతకుముందు ఏడాది పదమూడు. ఈ జబ్బు భారం కొలిచే ప్రశ్నావళిలో వందకి 71 ఉండేది, 46 అయింది. సూదులు లేవు. నడక ఒక్కోసారి పద్దెనిమిది నిమిషాలు. నొప్పి పోలేదు, ముసురుకు ఇంకా పెరుగుతుంది, అలసట పెద్దగా తగ్గలేదు, కట్ట లెక్క అప్పుడప్పుడూ తప్పుతూనే ఉంది. ఒక మనిషి, రెండు వానాకాలాలు, దీంతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. టార్పాలిన్ వల్ల ఎంత, నడక వల్ల ఎంత, తన మాట నమ్మారన్న నిమ్మళం వల్ల ఎంత అని విడదీసి చెప్పే దారి నా దగ్గర లేదు.

నా పద్ధతి మాత్రం మారింది. వాతావరణం మాట ఎవరన్నా ఎత్తితే ఇప్పుడు మూడు అడుగుతాను: ఆ రోజు రాత్రి ఎంత పడుకున్నారు, ఆ రోజు ఎంత పని ఆగింది, ఆగిన పని ఎప్పుడు చేశారు. మందు పెంచేది దాని తర్వాత. అందరికీ ఇదే వరస వస్తుందనుకోవద్దు. ఈ మధ్య ఇదే జబ్బున్న ఒక టీచరమ్మ క్యాలెండర్ చూస్తే ఆమెకి వానతో సంబంధమే లేదు, డిసెంబర్ చలిలో తెల్లవారి బస్ స్టాప్‌లో నిలబడ్డ రోజులే ఎర్రగా ఉన్నాయి. ఆమెకి రాసింది మందపాటి స్వెటర్, గంట ఆలస్యంగా దొరికే బస్సు.

మన ఆమె పోయిన నెల డిసెంబర్, జనవరి పేజీలు తెచ్చింది. పత్తి ఏరే రోజులు కలవడంతో బీడీల లెక్క కింద ఈసారి కిలోల లెక్క కూడా ఉంది, దానికి పరిమితి ఎంత పెట్టాలో మేమింకా తేల్చలేదు. అమిట్రిప్టిలిన్ ఈసారి రోహిణి కార్తె దాకా ఆగకుండా ఉగాది దాటగానే ఆపి చూద్దామన్నాను. "ముందు కూలర్ గడ్డి మార్పించి అప్పుడు ఆపుదాం సారు" అంది. సరేనన్నాను, చీటీ మీద అదే వరసలో రాశాను.